డెస్క్‌టాప్‌కి ర్యామ్ మీరే వేసుకోవడం ఎలా

రెండు స్లాట్ల మదర్‌బోర్డు, అందులో ఒకే ఒక్క 8 జీబీ డీడీఆర్4 రకం ర్యామ్ స్టిక్. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో ఇలాంటి అసెంబుల్డ్ మిషన్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి, పక్కన టాలీ, వెనకాల వాట్సాప్ పెట్టుకుంటే నత్తనడక మొదలవుతుంది. రెండో స్లాట్‌లో ఇంకో 8 జీబీ పడితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఆ మిషన్ గురించే. డీడీఆర్3, డీడీఆర్5 ఉన్నవాళ్లకి ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెప్తాం.

బిగించడానికి పది నిమిషాలు, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. డబ్బు పోయేది రెండు చోట్ల: షాపులో తప్పు స్టిక్ కొన్నప్పుడు, కరెంటు పూర్తిగా తీయకుండా లోపల చెయ్యి పెట్టినప్పుడు.

ముందు, కొరత ర్యామ్‌దేనా?

మీరు రోజూ చేసే పని చేస్తూ, అన్నీ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. వాడకం 85 శాతం దాటి అక్కడే ఉంటోందా? కింద ‘కమిటెడ్’ దగ్గర మొదటి అంకె మీ ర్యామ్ కన్నా ఎక్కువ ఉందా? 8 జీబీ మిషన్‌లో అది 11, 12 చూపిస్తుంటే ప్రోగ్రాములు అడిగినంత చోటు ర్యామ్‌లో లేదు, మిగతాది డిస్కు మీదకి నెడుతోంది అని అర్థం. అలాగైతే ర్యామ్ కొనండి.

మెమరీ 50 శాతమే ఉండి, డిస్క్ మాత్రం 100 దగ్గర కొట్టుకుంటుంటే జబ్బు వేరు. పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుస్తోంది. అలాంటి మిషన్‌కి 32 జీబీ వేసినా ఆన్ అవడానికి అంతే సేపు పడుతుంది. ఆ డబ్బు ముందు, హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన ఎస్ఎస్‌డీకి పెట్టండి. చాలామంది ఇక్కడే తప్పు మందు కొంటున్నారు.

అదే మెమరీ పేజీలో ఇంకో మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: స్పీడ్ ఎంత, ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుతున్నారు, ఫామ్ ఫాక్టర్ ఏమిటి. అక్కడ ‘సోడిమ్’ అని ఉంటే మీకు కావాల్సింది ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి స్టిక్. మానిటర్‌లోనే అన్నీ ఉండే ఆల్ ఇన్ వన్‌లు, అరచేతిలో పట్టే మినీ పీసీలు ఎక్కువగా ఇదే రకం.

ఏ స్టిక్ కొనాలి

డీడీఆర్3, 4, 5 ఒకదాని చోట ఒకటి పట్టవు. మూడూ 13 సెంటీమీటర్ల చిల్లర పొడవే, పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ పిన్నుల మధ్య ఉండే గాటు మూడింటికీ వేర్వేరు చోట్ల ఉంటుంది. డీడీఆర్3కి 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కీ పిన్నులు 288నే, వోల్టేజీ 1.1. పిన్నుల సంఖ్య కలిసింది కదా అని 4 స్లాట్‌లో 5 తోస్తే గాటు అడ్డం పడుతుంది, ఇంకా గట్టిగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

మీది ఏదో ప్రాసెసర్‌ని బట్టి తెలుసుకోవచ్చు. ఇంటెల్ 4వ తరం దాకా డీడీఆర్3. 6 నుంచి 11వ తరం దాకా దాదాపు అన్నీ డీడీఆర్4. 12, 13, 14 తరాలు రెండు రకాల బోర్డులతోనూ వచ్చాయి కాబట్టి ప్రాసెసర్ పేరు చూసి కొనకూడదు, బోర్డు మోడల్ చూడాలి. ఏఎండీలో ఏఎం4 సాకెట్ అంటే డీడీఆర్4, ఏఎం5 అంటే డీడీఆర్5. ఇందులో మినహాయింపు లేదు.

అన్నింటికన్నా నమ్మకమైన ఆధారం ఇప్పుడున్న స్టిక్ మీది లేబులే. ఒకసారి విప్పి ఫోన్‌తో ఫొటో తీసుకుంటే షాపులో వాదన ఉండదు. ‘పీసీ4-25600’ అని ఉందనుకోండి: పీసీ4 అంటే డీడీఆర్4, 25600ని 8తో భాగిస్తే 3200, అదే స్పీడు. పీసీ3-12800 అంటే డీడీఆర్3, 1600. అదే లేబుల్ మీద ‘1ఆర్ఎక్స్8’, ‘1ఆర్ఎక్స్16’ లాంటిది కూడా ఉంటుంది. 8 జీబీ డీడీఆర్4లో ఎక్స్8 రకానికి ఎనిమిది చిప్పులు, ఎక్స్16 రకానికి నాలుగే చిప్పులు. సైజు ఒకటే అయినా నాలుగు చిప్పులది కాస్త నెమ్మది. ధర ఒకటే చెప్తుంటే ఎనిమిది చిప్పులది అడగండి.

పాత స్టిక్ 2666 అయితే కొత్తది 3200 కొన్నా పనిచేస్తుంది, రెండూ కలిసి 2666 దగ్గర నడుస్తాయి. ఎడ్లబండికి రెండు ఎడ్లు కట్టినట్టే, నెమ్మదిగా నడిచేదే వేగం నిర్ణయిస్తుంది. పైగా హెచ్410 బోర్డు మీద 10వ తరం ఐ3, ఐ5 పెట్టుకున్నవాళ్లు 3200 స్టిక్‌లు రెండు కొన్నా 2666 దాటదు. అది లోపం కాదు, ఆ జోడీ హద్దు అంతే. అందుకని స్పీడు కోసం అదనంగా ఖర్చు పెట్టేముందు మీ బోర్డు ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి.

సైజు మాత్రం పాతదానితో సమానంగా తీసుకోవడం మంచిది. 8 పక్కన 8 ఉంటే రెండు చానెళ్లూ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే దారులు) పూర్తిగా కలిసి పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్లలో, ముఖ్యంగా పేరు చివర ‘జి’ ఉన్న ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లలో, ఈ తేడా ఆటల్లో కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ లేదు, వాడేది ఈ ర్యామ్‌నే. 8 పక్కన 16 వేసినా పనిచేస్తుంది, కాకపోతే కొంత భాగం ఒంటి చానెల్‌లో నడుస్తుంది. ఉన్న స్టిక్‌ని తీసిపారేసి ఒకే 16 వేయమని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి.

బోర్డుకి గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. హెచ్61, హెచ్81 బోర్డులు రెండు స్లాట్లలో కలిపి 16 జీబీ దాకానే. హెచ్110కి 32. బోర్డు మోడల్ సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. ఆ పేరుతో తయారీదారు సైట్‌లో స్పెసిఫికేషన్లు చూస్తే సరి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి రెండు హెచ్చరికలు. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ కారుచౌకగా దొరుకుతుంది. డీడీఆర్4 రకం మామూలు స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కూడా, మిషన్ మాత్రం ఆన్ కాదు. లేబుల్ మీద స్పీడు పక్కన ‘ఆర్’ అని ఉంటే అదే, మీకు కావాల్సింది ‘యు’. రెండోది, ‘ఏఎండీకి మాత్రమే’ అని అమ్మే డీడీఆర్3 8 జీబీ స్టిక్‌లు. అవి ఇంటెల్ బోర్డుల్లో నడవవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట కొంటే, వెనక్కి తీసుకుంటాం అని బిల్లు మీద రాయించుకుని మరీ కొనండి.

డీడీఆర్3 మిషన్ల గురించి ఒక మాట. విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 4వ తరం ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. పాత స్టిక్ చవగ్గా దొరికితే వేసుకోండి, కొత్తదానికి పెద్ద మొత్తం పెట్టడం మాత్రం దండగ.

విప్పేముందు

విండోస్‌లో మామూలు షట్ డౌన్ నిజానికి సగం నిద్రే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే కొంత సమాచారం డిస్కులో దాచుకుని మళ్లీ అక్కణ్ణుంచి లేస్తుంది. ర్యామ్ మార్చాక ఆ లేవడంలో తేడా రావచ్చు. అందుకే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ క్లిక్ చేయండి, పూర్తిగా ఆగుతుంది. విండోస్ 11లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. తర్వాత బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే, బోర్డు సెట్టింగులు ఉండే ప్రోగ్రాము) రీసెట్ చేయాల్సివస్తే 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది ఉందో లేదో ఇప్పుడే చూసి రాసిపెట్టుకోండి.

ఇప్పుడు కరెంటు సంగతి. గోడ స్విచ్ ఆపితే సరిపోదు. మిషన్ యూపీఎస్ మీద ఉంటే గోడ స్విచ్ ఆపినా బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. షట్ డౌన్ చేసిన మిషన్‌లో కూడా ఎస్ఎంపీఎస్ (మిషన్‌కి కరెంటు అందించే డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి అందుతూనే ఉంటుంది. బోర్డు మీద చిన్న లైటు వెలుగుతూ కనిపించేది అందుకే. ఆ స్థితిలో ర్యామ్ పీకినా, తోసినా స్టిక్ గానీ స్లాట్ గానీ కాలిపోవచ్చు. కాబట్టి ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్‌ని మిషన్ వెనక నుంచే పూర్తిగా లాగేయండి. తర్వాత ముందున్న పవర్ బటన్‌ని 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలింది ఖాళీ అవుతుంది, ఒక్కోసారి ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగుతుంది. బోర్డు మీద లైటు ఆరిపోయిందో లేదో చూశాకే ముందుకు వెళ్లండి. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి, దాని లోపలి పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తర్వాత కూడా షాక్ కొట్టగలవు.

క్యాబినెట్ రేకు తాకితే ఎప్పుడైనా జివ్వుమందా? మన ఇళ్లలో మామూలుగా వినే ఫిర్యాదే ఇది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు రేకులోకి వస్తుంది, అది ఎర్తింగ్ తీగ గుండా వెళ్లిపోవాలి. సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగ లేకపోతే రేకు మీద వంద వోల్టుల పైన నిలిచి ఉంటుంది. ర్యామ్ పనితో దీనికి సంబంధం లేదు. ప్లగ్గు తీసేస్తే అదీ పోతుంది. కానీ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చూపించండి.

ఇక ఒంటిలోని స్టాటిక్. మనకి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి, చిప్పు పాడవడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. అంటే మీకు తెలియకుండానే జరిగిపోతుంది. చలికాలపు పొడిగాలిలో, ఏసీ గదిలో, పాలిస్టర్ బట్టల మీద ఎక్కువ. జాగ్రత్త మాత్రం తేలిక: పని మొదలుపెట్టేముందు, మధ్యమధ్యలో, క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. ఎర్తింగ్ లేని ఇంట్లో కూడా ఇది పనిచేస్తుంది. మీరూ మిషనూ ఒకే స్థాయికి రావడమే కావాల్సింది. తివాచీ మీద, పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టుకుని చేయండి.

బిగించడం

కేబుళ్లన్నీ పీకేముందు వెనకవైపు ఫొటో తీయండి. మానిటర్ తీగ ఏ పోర్టులో ఉందో ఆ ఫొటోలో స్పష్టంగా కనపడాలి, ఎందుకో తర్వాత చెప్తాం. వెనక రెండు స్క్రూలు తీసి, ముందునుంచి చూస్తే ఎడమవైపు ఉండే పలకని వెనక్కి జరిపితే ఊడుతుంది. క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టండి, బోర్డు పైకి చూసేలా. ఈ పని నిలబెట్టి చేస్తే స్టిక్ సగమే దిగుతుంది.

లోపల దుమ్ము ఉంటే మెత్తని బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. నోటితో ఊదొద్దు, తుంపరలు పడతాయి. బొద్దింకలు కాపురం పెట్టి ఉంటే ఆశ్చర్యపోకండి, వాటికి ఆ వెచ్చదనం ఇష్టం.

రెండు స్లాట్ల బోర్డుకి ఆలోచించేదేమీ లేదు, ఖాళీది మీ కొత్త స్టిక్‌ది. నాలుగు స్లాట్లు ఉంటే, రెండు స్టిక్‌లు సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. బోర్డు మీద ఎ2, బి2 అని సన్నగా ముద్రించి ఉంటుంది. పక్కపక్కన ఒకటి, రెండు స్లాట్లలో పెడితే రెండూ ఒకే చానెల్ మీద పడతాయి, డబ్బు పెట్టిన లాభం సగం పోతుంది.

స్లాట్ చివరల క్లిప్పులు బయటికి వంచండి. కొన్ని బోర్డుల్లో ఒక చివరే కదులుతుంది, రెండోది స్థిరం. కదలని దాన్ని బలవంతంగా వంచి విరగ్గొట్టకండి. గ్రాఫిక్స్ కార్డు క్లిప్పుకి అడ్డమొస్తే కార్డే తీయడం మేలు, స్క్రూడ్రైవర్‌తో సందులోంచి పొడిస్తే బోర్డు మీద గీత పడి చిన్న విడిభాగం ఊడిపోతుంది.

స్టిక్‌ని అంచుల దగ్గరే పట్టుకోండి, బంగారు రంగు పిన్నులకి వేలు తగలనివ్వొద్దు. గాటుని స్లాట్‌లోని గట్టుతో సరిచూడండి. గాటు సరిగ్గా మధ్యలో ఉండదు, కాబట్టి తిప్పి పెడితే కూర్చోదు. నిటారుగా నిలిపి, రెండు బొటనవేళ్లు రెండు చివరల మీద పెట్టి, ఒకేసారి కిందికి నొక్కండి. మధ్యలో నొక్కొద్దు. మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ బలమే కావాలి, బోర్డు కాస్త కిందికి వంగినట్టు అనిపిస్తుంది, భయపడకండి. ‘టక్’ మని క్లిప్పు తనంతట తానే లేచి స్టిక్ పక్కనున్న చిన్న గాటులో పడాలి. మీరు వేలితో క్లిప్పు మూయాల్సి వచ్చిందంటే స్టిక్ ఇంకా దిగలేదన్నమాట. కళ్లు బోర్డు మట్టానికి తెచ్చి పక్కనుంచి చూడండి. రెండు చివరలూ ఒకే ఎత్తులో ఉండాలి, పిన్నుల బంగారు గీత పైకి కనిపించకూడదు. ‘కొత్త ర్యామ్ పనిచేయట్లేదు’ అని షాపుకి తిరిగొచ్చే స్టిక్‌లలో చాలావాటి రోగం ఈ సగం దిగడమే.

మొదటిసారి ఆన్ చేయడం

పక్క పలక మూయకుండానే మానిటర్, కీబోర్డు, పవర్ తగిలించి ఆన్ చేయండి. డీడీఆర్4 అయితే ఒకట్రెండు సార్లు తనంతట తానే ఆగి మళ్లీ లేవొచ్చు. డీడీఆర్5, అందులోనూ ఏఎం5 బోర్డులు, కొత్త ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లని స్క్రీన్‌తోనే ఉంటాయి. ఫ్యాన్లు తిరుగుతుంటే వేచి ఉండండి. చచ్చిపోయిందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే ఆ పరీక్ష మళ్లీ మొదటినుంచి మొదలు.

విండోస్ లేచాక టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ, రెండు స్లాట్లు కనిపించాలి. సీపీయూ-జెడ్‌లో స్పీడు సగమే చూపిస్తే కంగారొద్దు: అది అసలు గడియారాన్ని చూపిస్తుంది, 1600 అంటే 3200నే. మొత్తంలో కొంత ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అని తగ్గితే అది లోపలి గ్రాఫిక్స్ తీసుకున్న వాటా. బయోస్‌లో 16 ఉండి విండోస్‌లో మాత్రం 4 దాటకపోతే మీ విండోస్ 32 బిట్‌ది అయి ఉంటుంది.

పెట్టె మీద 3200 అని ఉన్నా 2133, 2400 చూపిస్తుంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ (పెట్టె మీది స్పీడుతో ర్యామ్‌ని నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. ఏఎండీ బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ, ఎక్స్‌పో అని ఉండొచ్చు. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మిషన్లలో సాధారణంగా ఆ సదుపాయమే ఉండదు. నాలుగు డీడీఆర్5 స్టిక్‌లు వేయాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాలి: రైజెన్ 7000 వరుసలో రెండు స్టిక్‌లతో ఏఎండీ అధికారికంగా ఒప్పుకునే స్పీడు 5200, నాలుగైతే 3600. డీడీఆర్5లో రెండే పెద్ద స్టిక్‌లు కొనడం తెలివైన పని.

స్క్రీన్ రాకపోతే

ముందు, కేబుళ్లు పీకేటప్పుడు తీసిన ఆ ఫొటో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్‌లో మానిటర్ తీగని పొరపాటున పైనున్న మదర్‌బోర్డు పోర్టులో పెడితే నల్ల స్క్రీనే వస్తుంది, నింద ర్యామ్ మీద పడుతుంది. అది సరిగ్గానే ఉంటే, ‘బీప్ బీప్’ మని ఆగకుండా మోగడం, లేదా బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న లైటు వెలగడం ర్యామ్ అందలేదనడానికి గుర్తు.

మళ్లీ కరెంటు పూర్తిగా తీసి, రెండు స్టిక్‌లూ తీసి, ఒక్కొక్కటిగా నాలుగు ప్రయత్నాలు చేయండి: పాతది మొదటి స్లాట్‌లో, కొత్తది మొదటి స్లాట్‌లో, పాతది రెండో స్లాట్‌లో, కొత్తది రెండో స్లాట్‌లో. కొత్తది రెండుచోట్లా లేవకపోతే స్టిక్ తప్పు. రెండు స్టిక్‌లూ ఒకే స్లాట్‌లో మొరాయిస్తే స్లాట్ తప్పు. విడివిడిగా అన్నీ పనిచేసి, కలిపితేనే లేవకపోతే రెండింటికీ పొసగట్లేదు. అప్పుడు బోర్డు మీది రూపాయి బిళ్లలాంటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టి బయోస్ రీసెట్ చేయండి. కరెంటు నిలకడగా ఉన్నప్పుడు బయోస్ అప్‌డేట్ కూడా చేసి చూడొచ్చు. అప్పటికీ కుదరకపోతే స్టిక్ మార్పించుకోండి.

పాత స్టిక్ పిన్నులు నల్లబడి ఉంటే రబ్బరుతో రుద్దడం మన మెకానిక్‌ల మొదటి వైద్యం. అది పనిచేస్తుంది, కానీ బంగారు పూత చాలా పల్చన. తెల్ల పెన్సిల్ రబ్బరుతో రెండు మూడు సార్లు మెల్లగా, అంతే. పెన్ను గీతలు చెరిపే గరుకు రబ్బరు వద్దు. రుద్దిన పొడి స్లాట్‌లో పడకుండా దూరంగా చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి.

చివరి పరీక్ష

ఆన్ అయింది కదా అని వదిలేయకండి. సగం పాడైన స్టిక్ విండోస్‌ని లేపుతుంది, రెండు వారాల తర్వాత నీలం స్క్రీన్లు, తెరుచుకోని ఫైళ్లు చూపిస్తుంది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రాము ఉచితం. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాన్నుంచి బూట్ చేసి, రాత్రి పడుకునేముందు మొదలుపెట్టండి. కనీసం నాలుగు పాసులు (మొత్తం పరీక్ష నాలుగు సార్లు) పూర్తవాలి, తప్పుల లెక్క సున్నా ఉండాలి. 16 జీబీలో ఒక్క తప్పే కదా అని సర్దుకోవడానికి లేదు. తప్పులు వస్తే ఎక్స్ఎంపీ ఆపి మళ్లీ పరీక్షించండి. అప్పుడు రాకపోతే ఆ స్పీడు మీ బోర్డుకి పడలేదు, ఒక మెట్టు తగ్గించి వాడుకోవచ్చు. అప్పుడూ వస్తే వారంటీలో మార్పించాల్సిందే.

పరీక్ష నెగ్గాక పలక బిగించండి. స్టిక్ మీది స్టిక్కర్ పీకొద్దు, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది. బిల్లుని ఫొటో తీసి మెయిల్‌లో దాచుకోండి, షాపుల బిల్లు కాగితం మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి మాసిపోతాయి.